నల్లా తిప్పాలంటేనే టెన్షన్

పొద్దున్నే నల్లా తిప్పితే మొదటి రెండు బిందెలు ఎర్రమట్టి రంగు. మూడో బిందెకు గుడ్డ కట్టి పట్టాను. గుడ్డ మీద జిగురుజిగురుగా నాచు! ఇవి పిల్లలకు తాగించాలా? పైపు పక్కనే మోరీ పారుతోంది, లీకేజీ ఉందని అధికారులకు నాలుగుసార్లు చెప్పాం. వస్తామంటారు, రారు. నల్లా నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి కదా, మా గల్లీ చివర ఒక్కసారైనా చూశారా?

పోనీ బోరు నీళ్లు తాగుదామంటే ఫ్లోరైడ్. మరిగించినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ ఫ్లోరైడ్‌తోనే కాళ్లు వంకరపోయి మా పెద్దమ్మ గడప దాటలేక ఏళ్లకేళ్లు కూర్చున్న జిల్లా ఇది! పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అదే నల్లగొండలో మేం 20 లీటర్ల క్యాన్లు కొనుక్కుని బతకాలా? ఆ క్యాన్ నీళ్లనైనా ఎవరు పరీక్షిస్తున్నారు?