పర్లాకిమిడి, పాతపట్నం: మామూలు రోజులకు కావాల్సిన ఒక కాగితం

కరోనా రోజుల్లో ఎవరిని పలకరించినా ఒకటే మాట. ఇదంతా పోయి మళ్లీ మామూలు రోజులు ఎప్పుడొస్తాయో అని. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లకు ఆ మామూలు రోజులంటే ఆఫీసు, సినిమా, హోటల్లో టిఫిన్ అయి ఉండొచ్చు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మాలాంటి తెలుగువాళ్లకు మాత్రం అవి సరిహద్దు అవతల చిక్కుకుపోయాయి. ఆడపిల్లను ఇచ్చింది ఆంధ్రలోని పాతపట్నంలో, కుర్రాడు చదివేది శ్రీకాకుళంలో, పొలం ఇంకో ఊళ్లో. అటువాళ్లకీ అంతే. పాతపట్నం వాళ్లు బజారు పనికి పర్లాకిమిడి వస్తారు, ఇచ్ఛాపురం వాళ్లు పెద్ద జబ్బు చేస్తే ఒడిశాలోని బరంపురం పరుగెడతారు. 2020 మార్చి దాకా ఇక్కడ ఎవరూ రాష్ట్రం దాటుతున్నామని అనుకుని ఇంట్లోంచి బయలుదేరలేదు.

లాక్‌డౌన్ దేశమంతటికీ వచ్చింది. మాకు మాత్రం ఒకటికి రెండు వచ్చాయి. ఇంటి గడప దగ్గర ఒకటి, చెక్‌పోస్టు దగ్గర ఇంకొకటి. మొదటిది సడలించినా రెండోది చాలాకాలం సడలలేదు.

భయం అబద్ధమని నేను అనను. శ్రీకాకుళం జిల్లాలో తొలి కేసులు 2020 ఏప్రిల్ చివర్లో బయటపడింది పాతపట్నం మండలంలోనే. ఆ వార్త విన్న పర్లాకిమిడికి ఆ రాత్రి నిద్ర లేదు. జులైకి వచ్చేసరికి సీను మారింది. సూరత్ నుంచి వలస కూలీలు తిరిగొచ్చిన గంజాం జిల్లా ఒడిశాలోనే పెద్ద హాట్‌స్పాట్ అయింది, ఈసారి దాన్ని ఆనుకున్న ఇచ్ఛాపురం వైపు టెన్షన్ మొదలైంది. ఇద్దరి భయానికీ కారణం ఉంది. రోడ్డు మూయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. మూసినవాళ్లు ఎవరిని, ఏ పని మీద, ఏ కాగితం చూసి వదలాలో రాసిపెట్టకుండా మూశారు. నా ఫిర్యాదంతా దాని మీదే.

మా వీధిలో డెబ్భై దాటిన ఒకావిడ ఉంది. షుగరు, బీపీ. కూతురుది పాతపట్నం, ఏళ్ల తరబడి చూపించుకుంటున్న డాక్టరూ అక్కడే. ఆ రోజుల్లో కూతురు మందులు కొని చెక్‌పోస్టు దాకా తెచ్చేది. బారికేడ్ మీద కవరు పెట్టి వెనక్కి జరిగేది. ఇటువైపు నుంచి మనవడు వెళ్లి తీసుకునేవాడు. "బావూ, తెల్లది పొద్దున్న, గులాబీది రాత్రి, మర్చిపోకు" అని ఆమె అక్కడి నుంచే కేకేసేది. పిల్లాడు తికమక పడుతున్నాడని చూసి డ్యూటీలో ఉన్న కానిస్టేబులు ఒకాయన పెన్ను తీసి ఒక అట్ట మీద ఒక గీత, ఇంకో అట్ట మీద రెండు గీతలు పెట్టి ఇచ్చాడు. ఆయన డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆ మందులు అందాయి. డ్యూటీ మారాక కొత్తగా వచ్చినాయన కుదరదన్నాడు. ఆయన్నీ అనలేం. ఆయన చేతిలో ఉన్న ఆర్డరులో మందుల కవరు గురించి ఏమీ లేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లాక్‌డౌన్ ఉత్తర్వులు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం నుంచి రాష్ట్రాలకు, అక్కడి నుంచి కలెక్టర్లకు దిగాయి. కలెక్టరు బాధ్యత జిల్లా పొలిమేర దగ్గర ఆగిపోతుంది. కేసుల లెక్కా జిల్లా వారీగానే. తన లెక్క పెరగకూడదంటే ఏ అధికారికైనా తేలికైన పని రోడ్డు మూయడం. దానివల్ల అవతల మనిషికి కలిగే నష్టం ఆయన లెక్కలోకి రాదు. మనుషులు మంచివాళ్లే అయినా ఈ పద్ధతిలో ఫలితం ఇంతకన్నా మెరుగ్గా ఉండదు.

చదువుల సంగతీ చూడండి. ఆంధ్రలో తొమ్మిది, పది తరగతులు 2020 నవంబరు 2న తెరిచారు. ఒడిశాలో పదో తరగతి పిల్లలు 2021 జనవరి 8న గానీ బడి మొహం చూడలేదు. ఒకే తాత మనవళ్లలో ఒకడు పుస్తకాల సంచి తగిలించుకుంటే, ఇంకొకడు ఇంట్లో ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం మేడెక్కాడు.

రైలు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నౌపడ నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే లైను మా ప్రాంతానికి వెన్నెముక. మొదట చిన్న రైలు 1900లోనే నౌపడ నుంచి పర్లాకిమిడికి వచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య గీత పడింది 1936లో, అంటే గీత కంటే రైలే పెద్దది. 2020 మార్చిలో దేశమంతా పాసింజరు రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ మొదలైనప్పుడు స్పెషల్ పేరు తగిలించారు, పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది. అది మళ్లీ పదికి దిగింది 2024 ఫిబ్రవరిలో. కూరగాయల గంపతో రోజూ రైలెక్కే మనిషికి రాను పోను నలభై రూపాయలు అదనం. కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో ప్రకటించినా, ఆ గంప మోసే మనిషికి అది ముగియడానికి మరో తొమ్మిది నెలలు పట్టిందన్నమాట. పెద్దవాళ్లకు రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చి 20న ఆగింది. మగవాళ్లకు నలభై శాతం, ఆడవాళ్లకు యాభై శాతం ఉండేది. తర్వాత దాన్ని పునరుద్ధరించలేదు. మామూలు రోజులు వచ్చేశాయని ఎవరైనా అంటే, టికెట్టు చేత్తో పట్టుకున్న ముసలాయన్ని ముందు అడగాలనిపిస్తుంది నాకు.

మంచి జరగలేదని కాదు. ఒకే దేశం ఒకే రేషన్ పథకం 2019లో మొదలై, కరోనా తర్వాత 2022 నాటికి దేశమంతా విస్తరించింది. ఇప్పుడు కార్డు ఏ రాష్ట్రానిదైనా కేంద్రం ఇచ్చే బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి వైద్యం కార్డుకూ ఆ వీలు వచ్చింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాక ఉద్దానం రోగులకు కొంత దూరం తగ్గింది. ఇవన్నీ మామూలు రోజుల కోసం చేసినవి. రోడ్డు మూసిన రోజున కార్డు జేబులో ఉన్నా మనిషి చెక్‌పోస్టు దాటాలి కదా? డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు చేయించుకోవాలి. దానికి లాక్‌డౌన్ తెలియదు.

దారి లేదా అంటే ఉంది. 2020 మార్చిలో కేరళలోని కాసరగోడ్ రోగులను మంగళూరు వెళ్లనివ్వకుండా కర్ణాటక రోడ్డు మూసినప్పుడు వ్యవహారం కేరళ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరికి తలపాడి దగ్గర ఎలాంటి రోగిని ఎలా వదలాలో ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. 2021 మేలో ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపితే హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. రెండుసార్లూ జనం బాధపడ్డాక, కోర్టు చెప్పాక కదిలారు. పర్లాకిమిడి, ఇచ్ఛాపురం మనుషుల్లో ఎందరికి కోర్టు మెట్లెక్కే ఓపిక, డబ్బు ఉంటాయి?

2021 నవంబరులో ఆంధ్ర, ఒడిశా ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిశారు. వంశధార మీద నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు, రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కొటియా గ్రామాల గురించి మాట్లాడుకున్నారు. బరంపురం యూనివర్సిటీలో తెలుగుకు, శ్రీకాకుళం యూనివర్సిటీలో ఒడియాకు పీఠాలు పెడదామనుకున్నారు. నాకు అవన్నీ కావాలి, భాష పీఠం ఇంకా ఎక్కువ కావాలి. అయితే అప్పటికి సెకండ్ వేవ్ పోయి నాలుగు నెలలే. రోగం వచ్చినప్పుడు సరిహద్దు ఎలా నడవాలన్నది ఆ బల్ల మీద మొదటి కాగితం అయి ఉండాల్సింది.

ఆ కాగితం పెద్దదేమీ అక్కర్లేదు. రోడ్డు మూసినా ఆగకూడని పనులు రాసుకోవాలి. మందులు, డయాలసిస్, కాన్పు, దగ్గరివాళ్ల చావు, కోతకొచ్చిన పంట. వీటికి ఒక జిల్లా ఇచ్చిన పాసు రెండో జిల్లాలో చెల్లాలి. ఒకవైపు అంబులెన్సు రోగిని తెచ్చి గీత దగ్గర దించితే, అవతల ఇంకోటి సిద్ధంగా ఉండాలి, లేదా అదే ముందుకు వెళ్లాలి. పాసు తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయాలి. శ్రీకాకుళం, గజపతి, గంజాం కలెక్టర్లు, 2022లో కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం కలెక్టరు, పక్కనున్న రాయగడ కలెక్టరు ఏడాదికోసారి కూర్చుని దీన్ని సరిచూసుకోవాలి. ఇచ్ఛాపురం, పాతపట్నం, పర్లాకిమిడి, గుణుపురం ఎమ్మెల్యేలు పార్టీలు పక్కనపెట్టి దీని కోసం ఇద్దరు ముఖ్యమంత్రులకూ ఒకే ఉత్తరం రాయాలి. ఓట్లడగడానికి వచ్చినప్పుడు ఆ ఉత్తరం నకలు చూపించమని వాళ్లను మనం అడగాలి.