పేగులు కడిగిన రీలు

మాది తార్నాక. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకొచ్చి స్థిరపడిన జాతీయ పోషకాహార సంస్థ మా ఇంటికి కూతవేటు దూరం. అంతటి సంస్థను పక్కనే పెట్టుకుని నేను మాత్రం పొట్ట గురించిన జ్ఞానమంతా రాత్రి పదకొండింటికి దుప్పట్లో, ఫోనులో సంపాదిస్తాను.

మొన్న మా బావమరిది ఒక రీలు పంపాడు. తెల్ల కుర్తా ఆయన, వెనకాల తులసికోట, చేతిలో ప్లాస్టిక్ పేగుల బొమ్మ. "మీ పేగులకు 20 ఏళ్ల చెత్త అంటుకుని ఉంది" అన్నాడు. నా మొదటి జీతం నుంచి తిన్న బిర్యానీలు, మిర్చి బజ్జీలు వరసగా కళ్లముందు కదిలాయి. పరగడుపున ఉప్పునీళ్లు తాగితే లోపలంతా అద్దమేనట. (మోతాదు రాయను, మీలోనూ నాలాంటివాళ్లుంటారు.)

తాగి అరగంటైనా ఏమీ కాలేదు. ఇదీ బోగస్సే అనుకుని హైటెక్ సిటీకి మెట్రో ఎక్కాను. మెట్టుగూడ దాకా ప్రశాంతం. సికింద్రాబాద్ ఈస్ట్‌లో పొట్టలో ఎవరో బిందె దొర్లించినట్టు గుడగుడ. పరేడ్ గ్రౌండ్ దగ్గర నిజంగానే పరేడ్ మొదలైంది. పాపం ఎవరో పెద్దాయన నా మొహం చూసి "కూర్చో బాబూ" అని సీటిస్తుంటే, తల అడ్డంగా ఊపడం తప్ప నోరు తెరిచే ధైర్యం కూడా లేదు నాకు.

ప్యారడైజ్‌లో దూకేశాను. కనబడ్డ మొదటి ఇరానీ హోటల్లో దూరి, గల్లా దగ్గరాయనకి "ఒక చాయ్" అని కేకేస్తూనే వెనక్కి పరిగెత్తాను. వచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. మళ్లీ వెళ్లాల్సొచ్చింది, మొహమాటానికి ఇంకో చాయ్ చెప్పాను. మూడోసారికి ఆయనే జాలిపడి నిమ్మకాయ సోడా తెప్పించి, "ఉప్పు వేయమంటారా సాబ్?" అన్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ ఓఆర్‌ఎస్ రాసిస్తూ తలంటింది. పేగు లోపలి పొర 3 నుంచి 5 రోజులకోసారి కొత్తగా వస్తుందట, ఇక 20 ఏళ్ల చెత్త దేన్ని పట్టుకుని వేలాడుతుంది? ఒంట్లో మలినాల సంగతి కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయట. ఆ ఉప్పు నా ఒంట్లోని నీళ్లనే పేగుల్లోకి లాగి బయటికి తోసిందట. బీపీ ఉండుంటే ఇంకా ప్రమాదమంది.

ఇంటికొచ్చి బావమరిదికి ఫోన్ చేసి అరిచాను. వాడు తాపీగా, "అదేంటి బావా, అది పార్ట్ వన్నే కదా, ఆ రోజు గడప దాటొద్దని పార్ట్ టూలో చెప్పాడు, చూడలేదా?" అన్నాడు.