బ్రిటన్ పన్ను మినహాయింపు: కోటీశ్వరుడికి ఉచితం, ఎన్ఆర్ఈ డిపాజిటర్‌కు దండగ

బ్రిటన్‌లో నాన్-డామ్ (అక్కడ ఉంటున్నా శాశ్వత నివాసం వేరే దేశమని చెప్పుకునేవారి) హోదా 2025 ఏప్రిల్ 6తో ముగిసింది. 2022లో రిషి సునాక్ భార్య అక్షతా మూర్తి ఇన్ఫోసిస్ డివిడెండ్ల మీద గొడవ రేగినప్పటి నుంచి ఈ కథ మనవాళ్లకు తెలిసిందే. 2024 మార్చిలో అప్పటి ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ రద్దు ప్రకటించారు, అదే ఏడాది అక్టోబరు బడ్జెట్‌లో లేబర్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ దాన్ని ఇంకాస్త బిగించారు. రద్దు మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. ఏళ్ల తరబడి లండన్‌లో కాపురం ఉంటూ, పిల్లల్ని అక్కడే చదివిస్తూ, ‘నా అసలు ఇల్లు వేరే దేశంలో ఉంది’ అని చెప్పి విదేశీ ఆదాయాన్ని పన్నుకు దూరంగా ఉంచుకునే ఏర్పాటు 1799 నుంచి నడిచింది. అది ఇన్నాళ్లు బతకడమే విడ్డూరం.

నా పేచీ దాని స్థానంలో వచ్చినదానితో. వరుసగా పదేళ్లు బ్రిటన్ పన్ను నివాసి కాకుండా ఉండి కొత్తగా వచ్చినవారికి మొదటి నాలుగు పన్ను సంవత్సరాలు విదేశీ ఆదాయం మీద, విదేశీ లాభాల మీద పన్ను ఉండదు. ఆ డబ్బును బ్రిటన్‌కు తెచ్చుకున్నా ఫర్వాలేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లే కుర్రాడికి ఇది బంగారు అవకాశంలా వినిపిస్తుంది. ‘నాలుగేళ్లు ఎన్ఆర్ఈ (ప్రవాసులు విదేశీ సంపాదనను భారత్‌లో దాచుకునే ఖాతా) వడ్డీకి పన్ను లేదు’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు కూడా. షరతు చదివినవారు తక్కువ.

మినహాయింపు దానంతటదే రాదు. ఏటా రిటర్నులో అడిగి తీసుకోవాలి. అడిగిన ఏడాది 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ (అందాకా ఆదాయానికి పన్ను పడని పరిమితి) పోతుంది, మూలధన లాభాల మీద ఉండే 3,000 పౌండ్ల వార్షిక మినహాయింపూ పోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 60,000 పౌండ్ల జీతగాడు. మిగిలిందల్లా ఇంటికి పంపుతూ ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 40 లక్షలు వేశాడు. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 2.8 లక్షల రూపాయలు, పౌండ్లలో దాదాపు 2,400. భారత్‌లో దీనికి పన్ను లేదు. బ్రిటన్‌లో మినహాయింపు అడక్కుండా మామూలుగా చూపిస్తే, 40 శాతం శ్లాబులో ఉన్నవారికి వడ్డీలో మొదటి 500 పౌండ్లు వదిలేస్తారు. మిగతా 1,900 మీద పన్ను 760 పౌండ్లు. అదే మినహాయింపు అడిగాడా, ఈ 760 మిగులుతుంది. కానీ పోయిన 12,570 అలవెన్స్ మీద 40 శాతం, అంటే 5,028 పౌండ్లు కొత్తగా కట్టాలి. 760 మిగుల్చుకోవడానికి అయిదు వేలకు పైగా చెల్లింపు! ఇతడి పాలిట ఇది రాయితీ ఎలా అవుతుంది?

అదే ఏడాదికి లక్షన్నర పౌండ్లు సంపాదించే బ్యాంకర్‌ను చూడండి. బ్రిటన్‌లో లక్ష పౌండ్లు దాటితే పర్సనల్ అలవెన్స్ తరగడం మొదలై 1,25,140 దగ్గర పూర్తిగా సున్నా అవుతుంది. అంటే మినహాయింపు అడిగినందుకు వదులుకోవడానికి అతడి దగ్గర అలవెన్సే లేదు. ముంబయిలో అద్దెలు, సింగపూర్‌లో షేర్లు, ఎక్కడెక్కడి డివిడెండ్లు అన్నీ నాలుగేళ్లు పన్ను లేకుండా అతడివే. చట్టంలో ఇద్దరికీ ఒకే తలుపు రాసి ఉంది. టికెట్ ధర మాత్రం జీతగాడి దగ్గరే వసూలు చేస్తారు.

ఇంతకన్నా మండే సంగతి మరొకటి ఉంది. పాత పద్ధతిలో చిన్నవాడికి నిజంగా పనికొచ్చే ఒక సందు ఉండేది. బ్రిటన్‌కు తేకుండా బయటే ఉంచుకున్న ఆదాయం, లాభాలు కలిపి ఏడాదికి 2,000 పౌండ్లలోపు ఉంటే, నాన్-డామ్‌కు ఆ రాయితీ అడగకుండానే వర్తించేది. అలవెన్స్ పోయేది కాదు. దీర్ఘకాలం ఉన్నవారి నుంచి వసూలు చేసే 30,000 పౌండ్ల చార్జీ కూడా వీరి జోలికి వచ్చేది కాదు. రెండు లక్షల చిల్లర వడ్డీ వచ్చే నర్సు, డెలివరీ మేనేజర్, టెస్టింగ్ ఇంజినీరు ఈ సందులోనే ప్రశాంతంగా బతికారు. ‘ధనవంతుల రాయితీ రద్దు’ అన్న శీర్షిక కింద ఆ సందు కూడా మూతపడింది. కోటీశ్వరుడికి నాలుగేళ్ల కొత్త గడువు దొరికింది, నర్సుకు దక్కింది సెల్ఫ్ అసెస్‌మెంట్ ఫారం, అంటే తానే నింపుకోవాల్సిన పన్ను రిటర్ను. లేబర్ పార్టీ చప్పట్లు కొట్టించుకున్న సంస్కరణ ఇది.

పన్ను ప్రణాళిక అంటే దుబాయ్‌లో విల్లా కొనడం అనుకునేవారు ఈ భాగం వదిలేయొచ్చు. జీతం మీద బతికేవారికి ప్రణాళిక అంటే విమానం ఎక్కే తేదీ. ఉద్యోగం కోసం దేశం విడిచే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకన్నా తక్కువ ఇక్కడ ఉంటే ప్రవాసి అవుతాడు. సెప్టెంబరు 28 నాటికి బయలుదేరితే సరిపోతుంది. జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఎక్కితే ఆ ఏడాదికి అతడు భారత నివాసే. బ్రిటన్‌లో తీసుకున్న ఒకటి రెండు నెలల జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించి, అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ అడగాలి. అటు వైపు ఇంకో దెబ్బ. ఫిబ్రవరిలో దిగి పూర్తికాల ఉద్యోగంలో చేరినవాడు సాధారణంగా ఆ ఏడాదికే బ్రిటన్ నివాసి కింద లెక్క. ఏప్రిల్ 5తో వారి పన్ను సంవత్సరం ముగుస్తుంది. నాలుగేళ్లలో ఒక ఏడాది రెండు నెలలకే ఖర్చయిపోయింది! ఆఫర్ లెటర్ వచ్చిన ఉత్సాహంలో ఈ తేదీలు అడిగేవాళ్లు ఎందరు? కన్సల్టెన్సీలు చెప్పవు, కంపెనీ హెచ్ఆర్‌కు పట్టదు.

ఎన్ఆర్ఈ వడ్డీ ‘టాక్స్ ఫ్రీ’ అన్న మాట మన బ్యాంకుల ప్రకటనల నుంచి వచ్చింది. అది భారత ఆదాయ పన్ను చట్టం ఇచ్చిన మినహాయింపు. బ్రిటన్ దాన్ని పట్టించుకోవాల్సిన పని లేదు, పట్టించుకోదు.  ఎవరికి తెలుస్తుందిలే అనే రోజులు కూడా పోయాయి. దేశాలు ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే సీఆర్ఎస్ ఏర్పాటు కింద భారత్ 2017 నుంచి ఖాతాల సమాచారాన్ని విదేశాలకు పంపుతోంది. బ్రిటన్ పన్ను శాఖ హెచ్ఎంఆర్‌సీ వాటిని సరిపోల్చి ‘మీ విదేశీ ఆదాయం చూపారా’ అని మర్యాదగా ఉత్తరం రాస్తుంది. మన బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ 1 నుంచి లెక్క, వాళ్ల ఏడాది ఏప్రిల్ 6 నుంచి. ఆ అయిదు రోజుల తేడా సరిచేసే తలనొప్పి అదనం.

రాయితీలు పోతే సంపన్నులు వెళ్లిపోతారు, చివరికి ఖజానాకే నష్టం అనే వాదన ఉంది. ఉక్కు వ్యాపారి లక్ష్మీ మిత్తల్ బ్రిటన్ వీడుతున్నట్టు 2025 నవంబరులో పత్రికలు రాశాయి కూడా. కొందరు వెళ్తారు, నిజమే. వెళ్లేవారిని లెక్కలో వేసుకునే బ్రిటన్ బడ్జెట్ సంస్థ అంచనాలు కట్టింది. ట్రస్టులున్న నాన్-డామ్‌లలో నాలుగో వంతు పోతారనుకున్నా ఆదాయం పెరుగుతుందనే చెప్పింది. పైగా తప్పించుకోవడం అంత తేలికా? దుబాయ్ వెళ్లి షేర్లు అమ్మి అయిదేళ్లలోపు తిరిగొస్తే ఆ లాభం మళ్లీ బ్రిటన్ పద్దులోకే వస్తుంది.

అసలు రోగం ఒక్క బ్రిటన్‌ది కాదు. ప్రభుత్వాలు నివాసాన్ని వేలానికి పెట్టాయి. ఇటలీ 2017లో ఏడాదికి లక్ష యూరోలు పారేస్తే విదేశీ ఆదాయం ఎంతైనా అడగనంది, 2024లో ఆ ధర రెట్టింపు చేసింది. పోర్చుగల్ 2009లో పదేళ్ల రాయితీతో పిలిచింది. స్థానికుల కోపం పెరిగాక 2024 నుంచి కొత్తవారికి ఆ తలుపు మూసి, ఎంపిక చేసిన వృత్తులకు మరో తలుపు తీసింది. ఒక ఆర్థిక మంత్రి సంతకంతో వచ్చింది ఇంకో మంత్రి సంతకంతో పోతుంది. ఆ సంతకాల మధ్య ఎగరగలిగేది పెట్టుబడి ఒక్కటే. జీతం ఎగరలేదు. అది చేతికి రాకముందే పీఏవైఈ (యజమానే జీతంలోంచి పన్ను పట్టుకునే పద్ధతి) కింద కోత పడుతుంది. ప్లంబర్‌కు నాలుగేళ్ల విదేశీ ఆదాయ సెలవు ఇచ్చిన దేశం నాకు కనబడలేదు.

ఈ విషయంలో, చెప్పడానికి నాకే వింతగా ఉన్నా, మన ఢిల్లీ కాస్త నయం. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ని భారత నివాసిగా భావిస్తామన్నప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్లలో గుబులు పుట్టింది. గల్ఫ్‌లో ఎండకు మాడి సంపాదించిన రియాళ్లకు ఇక్కడ పన్నా అని. మర్నాడే కేంద్రం వివరణ ఇచ్చింది. మార్చిలో బిల్లు చట్టమయ్యేసరికి, విదేశీ ఆదాయం కాకుండా మిగతా ఆదాయం 15 లక్షలు దాటినవారికే అని గీత గీసింది. ఆ గీత దాటినవారికి కూడా గల్ఫ్ జీతం జోలికి రాలేదు. చిన్నవాణ్ని పక్కకు తప్పించి పెద్దవాణ్ని పట్టుకోవడం సాధ్యమే, ఒక అంకె రాస్తే చాలు.

బ్రిటన్ ఆ అంకె ఎందుకు రాయలేదో అడిగే సందర్భం మనకు వచ్చింది, పోయింది. 2025 జులైలో రెండు దేశాలు వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తాత్కాలికంగా పంపే ఉద్యోగుల కోసం రెండు చోట్లా సామాజిక భద్రత చందాలు కట్టే బెడద తప్పించాలని మనవాళ్లు గట్టిగా పట్టుబట్టి సాధించారు. అందులో ఉద్యోగి వాటాతోపాటు ఐటీ కంపెనీల వాటా కూడా మిగులుతుంది, వారి తరఫున అడిగే సంఘాలున్నాయి. ఎన్ఆర్ఈ డిపాజిటర్లకు సంఘం లేదు. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో సంక్రాంతికి, ఉగాదికి మంత్రుల్ని పిలిచి శాలువాలు కప్పే తెలుగు సంఘాలు మాత్రం చాలానే ఉన్నాయి. వచ్చే ఉగాదికి శాలువాతో పాటు ఆ 2,000 పౌండ్ల మినహాయింపు తిరిగివ్వమని ఒక వినతిపత్రం కూడా చేతిలో పెట్టొచ్చు.