గడువు ఇస్తే అభిప్రాయం తీసుకున్నట్టేనా?

పల్లె భూములను వ్యాపార, పారిశ్రామిక జోన్లలోకి మార్చేటప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి అన్నట్టుగా సాగిన ఒక వ్యాసం చదివాను. కామారెడ్డి సంగతి ఆ రచయిత మర్చిపోయినట్టున్నారు. అక్కడ కూడా డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ (పట్టణంలో ఏ భూమిని దేనికి వాడాలో రంగులతో చూపే ముసాయిదా మ్యాపు) మీద అభ్యంతరాలకు 2023 జనవరి 11 వరకు టైమ్ ఇచ్చారు. ఏం లాభం? తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు, బంద్ చేశారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చేసి ఆ డ్రాఫ్ట్‌ను వెనక్కి తీసుకుంది. జగిత్యాలలోనూ అలాగే డ్రాఫ్ట్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

జోన్ మారితే భూమి లాక్కున్నట్టు కాదు, నిజమే. భూసేకరణకు వేరే చట్టం ఉంది. కానీ మ్యాపులో ఇండస్ట్రియల్ అని రంగు పడ్డాక ఇళ్ల ప్లాట్లకు పర్మిషన్ రాదు, కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు. బిడ్డ పెళ్లికి అరెకరం అమ్ముదామనుకున్న మనిషికి టెన్షన్ ఉండదా?

పరిశ్రమలు వద్దని నేను అనను. హైవే పక్కన గోదాములో, రైస్ మిల్లులో వస్తే మన పిల్లలకే పని. అడిగే పద్ధతే బాగోలేదు. మున్సిపాలిటీలో కలిసిన ఊళ్లకైతే గ్రామసభ కూడా ఉండదాయె! సర్వే నంబర్లతో జాబితా రాసి ఊళ్లో అంటించాలి. ఏ రంగుకు ఏం అర్థమో టౌన్ ప్లానింగ్ అధికారి వచ్చి చెప్పాలి. ఇచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నారో లేదో, ఎందుకో, కాగితం మీద జవాబు ఇవ్వాలి.