సైకిల్‌కి దారి ఏదీ?

మా పాప నెల్లూరులో వేదాయపాలెం నుంచి దర్గామిట్టకి ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్తుంది. ఇంటికొచ్చేదాకా నాకు టెన్షనే. రోడ్డు పక్కన మిగిలిన జానెడు చోటులో ఆటోలు, తోపుడు బండ్లు, మూత లేని కాలవ. మొన్న బస్సు హారన్‌కి ఉలిక్కిపడి కింద పడింది. మోచెయ్యి దోక్కుపోయింది. చైన్‌లో చిక్కి చిరిగిన చున్నీ, దానికంటిన గ్రీజు మరక చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

ఎక్కడో పార్కు పక్కన ముక్క సైకిల్ ట్రాక్ వేస్తే ఏం లాభం? అది అయిపోయిన చోట పిల్ల మళ్ళీ బస్సుల మధ్యకే రావాలి. వేదాయపాలెం నుంచి వీఆర్సీ సెంటర్ దాకా, అక్కణ్ణుంచి పెన్న ఒడ్డు దాకా సైకిల్ దారి తెగకుండా ఉండాలి, ముఖ్యంగా కూడళ్ల దగ్గర. నెల్లూరు చదునైన ఊరే కదా! బడికొస్తా అనే ప్రభుత్వ పథకంలో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు, మంచిదే. వాళ్ళు తొక్కడానికి దారేదీ? రేపు పొద్దున ఆరింటికి మా పాప మళ్ళీ ఆ రోడ్డు మీదకే వెళ్ళాలి.