ఆ కుర్చీలో ఆవిడ కూర్చోవడం నాకెందుకంత ముఖ్యం

మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవని మనవాళ్ళు ఏటా గర్వంగా షేర్ చేసుకుంటారు. అక్కడి స్పీకర్ గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయగా నేను చూడలేదు. ఇది రాయాల్సిన కథ.

ఆ స్పీకర్ పేరు షిరీన్ ఔమీరుద్దీ-సిఫ్రా, లాయర్. 1976లో ఎంపీగా గెలిచారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఇమిగ్రేషన్ చట్టం మార్చింది. మారిషస్ మగవాడు విదేశీ అమ్మాయిని చేసుకుంటే ఏ అడ్డూ లేదు, ఆమె అక్కడే కాపురం ఉండొచ్చు. అదే ఆ దేశపు అమ్మాయి విదేశీయుణ్ణి చేసుకుంటే, అతను పర్మిట్ కోసం మంత్రికి అర్జీ పెట్టుకోవాలి. మంత్రి కాదంటే కోర్టుకెళ్ళే దారి కూడా లేదు. షిరీన్ భర్త విదేశీయుడు. పగలు సభలో జనం తరఫున మాట్లాడే మనిషి, ఇంటికొస్తే భర్తను ఎప్పుడు పొమ్మంటారో తెలియని టెన్షన్!

ఆవిడ ఊరుకోలేదు. 1978లో మరో 19 మంది ఆడవాళ్ళతో కలిసి, సొంత దేశం మీదే ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశారు. అది వివక్షేనని 1981లో కమిటీ తేల్చింది. 1983లో చట్టం మారింది. ఆ మధ్యలో అటార్నీ జనరల్, చాలా ఏళ్ళకు పిల్లల హక్కుల అంబుడ్స్‌పర్సన్ (ఫిర్యాదులు విని విచారించే అధికారి), 2024 నవంబరులో స్పీకర్.

స్పీకర్ పదవిని చాలామంది ముగింపు సన్మానంలా చూస్తారు. నేను ఒప్పుకోను. ఆవిడ రాకముందు అదే సభలో అప్పటి స్పీకర్ ప్రతిపక్ష సభ్యులను పదే పదే బయటికి పంపారు. అధికారం చేతిలో నలిగిన మనిషి ఆ కుర్చీలో ఉంటే, ఎదుటివాడి మాట పూర్తిగా వినే ఓపిక ఉంటుందని నా నమ్మకం.

ఆ ఓపిక ఇప్పుడే కావాలి. 2024లో గెలిచిన కూటమికి నేరుగా ఎన్నికయ్యే 62 సీట్లలో 60 వచ్చాయి. 1982లో ఆవిడ పార్టీ కూటమి కూడా ఇలాగే 60 గెలిచింది, ఏడాది తిరక్కుండానే చీలిపోయింది. ఏకపక్ష సభ ఎలా ఉంటుందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కడ ప్రతిపక్ష నాయకుడు ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఒక అరగంట ప్రత్యేకంగా ఉంటుంది. వెనక బలం లేని ఆ ఒక్కడికి ఆ అరగంట పూర్తిగా దక్కుతుందా? నేను చూసేది అదే.