“బాగుందండీ” ఒక్కటే అంటే ఎలా?

రెస్టారెంట్ తరహా పనీర్ బటర్ మసాలా ఇంట్లో కుదరాలని తలా ఒక పద్ధతిలో వండి, అపార్ట్‌మెంట్‌లో అందరినీ రుచి చూడమని పిలుస్తాం. ఒకరు జీడిపప్పు ముద్ద తగ్గించి మీగడ పోస్తారు. ఇంకొకరు ఉల్లి, టమాటా మగ్గించి, రుబ్బి, ఓపిగ్గా వడగడతారు. కసూరీ మేతి దించే ముందు నలిపి వేసేవాళ్ళు వేరే. ఇంత తేడా ఉంటే, అన్నిటికీ ఒకటే మాట: “బాగుందండీ!” ఏం బాగుంది? పులుపా, తీపా, వెన్న వాసనా?

గిన్నెల మీద పేర్లు తీసేసి అంకెలు వేస్తే, “ఇందులో మీదేది వదినా?” అని ముందే అడిగేస్తారు. తెలిశాక ఇక నిజం ఎవరు చెబుతారు!

ఎనిమిదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకి వస్తారు. అప్పటికి గ్రేవీ గట్టిపడి, వెన్న పైన పేరుకుపోయి ఉంటుంది. మళ్ళీ మళ్ళీ వేడిచేస్తే పనీర్ రబ్బరులా సాగుతుంది. పైగా వస్తూ వస్తూ మిరపకాయ బజ్జీలు తెస్తారు. ఆ కారం తిన్న నోటికి మీగడ రుచి ఏం తెలుస్తుంది? ఒకే గరిటె అన్ని గిన్నెల్లో పెట్టేయడం ఇంకోటి.

ఉప్పెక్కువైందనైనా చెప్పండి, దయచేసి. పొయ్యి దగ్గర అంతసేపు నిలబడింది ఆ మాట కోసమే.